అంగుళన్నర గడప

షామ్‌బర్గ్‌లో పాత ఇల్లు కొన్న మనవాళ్ళకి ఏదో ఒకనాడు వంటగది మార్చాలన్న కోరిక పుడుతుంది. మాకు 2019లో పుట్టింది. 1956లో గ్రామంగా ఏర్పడిన ఈ ఊళ్ళో 1959 నుంచి వెదర్స్‌ఫీల్డ్ ఇళ్ళు లేచాయి. మాదీ ఆ తరహాదే. బేస్‌మెంట్ లేదు, నేల మీద నేరుగా కాంక్రీటు.

మా ఆవిడకి ఓక్ చెక్క నేల మీద మనసైంది. కాంక్రీటులో మేకు దిగదు గదా, ముందు ముప్పాతిక అంగుళం ప్లైవుడ్, దానిమీద ముప్పాతిక అంగుళం ఓక్. రెండూ కలిపితే ఎంతో తెలియనివాణ్ణి కాను, ఇంజనీరింగ్ డిగ్రీ గోడకి వేలాడుతూనే ఉంది. అయినా పనంతా అయ్యాక, హాల్లోంచి వెళ్తూ బొటనవేలు తన్నుకునేదాకా నాకు తట్టలేదు. కాంట్రాక్టరు ఒక ఏటవాలు పట్టీ కొట్టి, చెక్కు పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

జనవరిలో ఇంకో ముచ్చట. ఫర్నేసు వేడికి గాలి పొడిబారి చెక్క అడ్డంగా ముడుచుకుంది, పలకల మధ్య సందులు పడ్డాయి. పోపులోంచి ఎగిరిన ఆవాలన్నీ అందులోకే. తెలివిగా పుట్టీ నింపాను. జూలైలో తేమకి చెక్క ఉబ్బి ఆ పుట్టీని పైకి నెట్టేసింది! ఆ తర్వాత హ్యుమిడిఫయర్ ఒకటి కొని ఊరుకున్నాను.

అసలు బెంగ 2022లో, మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. వచ్చిన రెండోరోజే పట్టీ దగ్గర తూలి, ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. మా ఆవిడ డాక్టరు. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ళ అవస్థ రోజూ చూసే మనిషి. "పీకించేద్దామండీ" అంది, తను కోరి వేయించుకున్న నేలని. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

మర్నాడు శుక్రవారం. లేచి చూస్తే పట్టీకి పసుపు, కుంకుమ బొట్లు!

"ఇంత ఇంటికి గడప లేదేమిట్రా అనుకున్నా. గడపని తెలిశాక కాలెత్తి దాటనూ?" అంది అమ్మ.

మా ఆవిడ అంతటితో ఊరుకోలేదు. గోడకి పట్టుకునే కడ్డీ, రాత్రిపూట వెలిగే చిన్న దీపం పెట్టించింది. అమ్మ వెనక్కి వెళ్ళేదాకా ఆరు నెలలూ ప్రతి శుక్రవారం ఆ పూజ సాగింది.

పసుపు వార్నిష్‌లోకి ఇంకిపోయింది. పాలిష్ పట్టిస్తే పోతుందని ఒకాయన ఎస్టిమేటు రాసిచ్చాడు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అలాగే ఉంది.