విషాద ప్రసాద శబ్దవిచారము

అమీరుపేట, పంజగుట్ట ప్రాంతముల శిక్షణాలయములలో నుద్యోగార్థమై చదివి, ఫలముగానక క్రుంగిన యువకులతో "నీవు క్రొత్తవాఁడవు గమ్ము" అని హితులు చెప్పుచుందురు. ఇది శబ్దశాస్త్రమునకు సమ్మతము గాదు. విషాద ప్రసాదములు రెండును సద్ధాతుజన్యములే. విశరణము, గతి, అవసాదనము దాని యర్థములు. "వి" ముందున్నప్పుడు పాణినీయము 8-3-66 చేత సకారము షకారమగును. "ప్ర" అనునది అకారాంతము గావున సకారము స్వరూపముననే నిలుచును. ధాతువెచ్చటను నశింపలేదు.

ప్రసాదమనఁగా నీటికిని మనస్సునకును గల తేటదనము. మన "తేఱు" ధాతువు నట్టిదే: కలఁకనీరు తేఱును, మూర్ఛిల్లినవాఁడును దేఱును. (బడిపండితులు దీనిని బాలురకుఁ జెప్పిన మేలు.) అయినను గొన్ని నీళ్లు నిలిపినంతమాత్రమునఁ దేఱవు, చిల్లగింజ నరగఁదీసి కలుపవలెను. దీర్ఘవిషాదమున వైద్యుఁడట్టివాఁడు. 2017లో నారంభమైన మెట్రోరైలున అమీరుపేటకు మూఁడవ స్టేషనగు ఎఱ్ఱగడ్డలో మానసిక చికిత్సాలయము గలదు. క్రుంగినవానిని వెంటఁబెట్టుకొని పోవలసినవారు ఆ హితులే.