ఊరి బీడులో చెట్లు: ఏది కొట్టాలి? ఏది కాపాడాలి?

ఆయుర్వేద వైద్యునికి ఊరి బీడే తొలి ఔషధాగారం. తంగేడు, ఉత్తరేణి, పల్లేరు, తెల్లగలిజేరు, పిల్లిపీచర, వేపచెట్టుకు అల్లుకొన్న తిప్పతీగ మొదలైనవి దున్నిన పొలాలలో కన్నా, పశువుల మేతకై విడిచిన ఉమ్మడి భూములలోనే సమృద్ధిగా లభిస్తాయి. ఆ భూములను బాగుచేయడానికి చెట్లు కొట్టాలా, వద్దా అన్న వివాదం నేడు అనేక గ్రామాలలో నడుస్తున్నది. ఇది పంచాయతీ వ్యవహారమే కదా అని మనం ఊరుకోరాదు. ఇంటింటి ఆరోగ్యానికి దీనితో సంబంధం ఉన్నది.

రాయలసీమలోని ఒక గ్రామసభలో ఈ వాదాన్ని నేను స్వయంగా విన్నాను. "కంపనంతా యంత్రంతో పెకలిస్తే గాని పశువులకు గడ్డి మొలవదు" అన్నారు రైతులు. "ఆ కంపే మా పొయ్యిలో కట్టె, దాని బొగ్గే మా కూడు" అన్నారు కూలీలు. "చెట్టన్నది ఏదైనా సరే, కొట్టరాదు" అన్నారు చదువుకొన్న యువకులు. అందరి మాటలోనూ నిజమున్నది. కాని ఆ బీడులో ఏ జాతి చెట్లు ఎన్ని ఉన్నాయో ఒక్కరూ చెప్పలేకపోయారు. నిదానం లేకుండా చికిత్స ప్రారంభించడమంటే ఇదే.

సర్కారు తుమ్మ స్వభావం

వివాదానికి మూలమైన కంపచెట్టును సర్కారు తుమ్మ, చిల్లకంప అని కూడా అంటారు. ఇది మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండానికి చెందిన దీనిని 1870 దశకం చివరిలో వంటచెరకు కోసం, మెట్టభూములలో పచ్చదనం కోసం కడప ప్రాంతానికి తెప్పించారు. కనుక చరక, సుశ్రుత సంహితలలో దీని ప్రసక్తి లేదు. పండ్లు తోముకొనే పుల్లకు, బంకకు, బెరడు కషాయానికి వాడే నల్లతుమ్మ వేరు. దసరానాడు పూజించే జమ్మి వేరు. ఒకదానికి బదులు మరొకటి ఔషధంగా వాడరాదు.

దీని తీయని కాయలను పశువులు తింటాయి. పేడలో పడిన గింజలు సులభంగా మొలకెత్తుతాయి. మాను పైకి నరికితే మొదలు నుంచి అనేక పిలకలు లేస్తాయి. గుబురు కింద గడ్డి, మూలికలు క్షీణిస్తాయి. దీని పుప్పొడి కొందరిలో తుమ్ములను, ఉబ్బసాన్ని రేకెత్తిస్తుంది. అయినప్పటికీ పేదల పొయ్యి వెలిగించినది కూడా ఇదేనని మరువరాదు.

చికిత్సాక్రమం

దోషం ప్రబలినప్పుడు శోధనం అవసరమే. కాని దుర్బలునికి ఒక్కసారిగా తీవ్ర శోధనం చేయరాదు. చేసిన పిదప పేయాది క్రమంతో బలం చేకూర్చాలి. భూమికి కూడా ఇదే న్యాయం.

1. ముందుగా చెట్లను లెక్కించాలి. వేప, కానుగ, మారేడు, జమ్మి, నల్లతుమ్మలకు సున్నం గుర్తు వేసి కాపాడాలి. మూలికలు తెలిసిన పెద్దలను వెంట తీసుకొని వెళ్లాలి. గ్రామ జీవవైవిధ్య రిజిస్టరు ఉంటే అందులో ఇవన్నీ నమోదు చేయించాలి.

2. బీడునంతా ఒకేసారి యంత్రానికి అప్పగించరాదు. కంపతోపాటు పిల్లిపీచర దుంపలు, తంగేడు పొదలు కూడా సమూలంగా పోతాయి. ఏటా కొంత భాగం చొప్పున, కంపను మాత్రమే వేరు మొదలుతో సహా తీయాలి.

3. తొలకరికే అక్కడ గడ్డి విత్తనం చల్లి, దేశీయ మొక్కలు నాటాలి. తిరిగి మొలిచే కంపను కొన్నేళ్లపాటు లేతగా ఉన్నప్పుడే పీకాలి. ఈ పనిని, తీసిన కట్టెను ఆ కట్టెపై బతికేవారికే ముందుగా ఇవ్వాలి.

4. 2002 నాటి వాల్టా చట్టం చెట్ల నరికివేతకు అనుమతిని నిర్దేశించింది; అధికారులను ముందుగా సంప్రదించాలి. చదును చేసిన భూమిపై ఆక్రమణదారుల కన్ను పడుతుంది. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో రాష్ట్రాలను ఆదేశించినదని గుర్తుంచుకోవాలి.

ముల్లు గుచ్చుకొన్నప్పుడు

ముల్లును పూర్తిగా తీసి, వేపబెరడు కాచి వడగట్టిన గోరువెచ్చని కషాయంతో పుండును కడగాలి. లోతుగా దిగినచో ధనుర్వాతపు టీకా విషయమై వైద్యుని అడగాలి. కంటికి, కీలుకు తగిలినా, వాపు పెరిగినా, రోగి మధుమేహి అయినా గృహవైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

పట్టణంలో నివసిస్తున్నా, సొంత ఊరితో సంబంధమున్న పాఠకులు ఈసారి వెళ్లినప్పుడు ఆ బీడును ఒకసారి చూసి రండి. పెద్దలతో కలిసి చెట్ల జాబితా వ్రాయండి. గ్రామసభ జరిగే నాటికి ఆ కాగితం సిద్ధంగా ఉంటే, గొడ్డలి దేనిపై పడాలో ఊరు తెలిసి నిర్ణయించుకొంటుంది.