పసిబిడ్డ వ్రేలాడు చేయి

పురిటింట బిడ్డ యొక చేయి కదల్పకున్నచో, గ్రహచేష్ట యనియో దృష్టిదోష మనియో తాయెత్తు గట్టి యూరకుండుట మన యిండ్లలో గలదు. సోదరీమణులారా! అది నరముల గాయము కావచ్చునని మేము మనవి చేయుచున్నాము.

మెడయొద్ద వెన్నుపామునుండి వెడలిన యయిదు నరముల మొదళ్లు జడవలె నల్లుకొని, భుజమునకును చేతికిని బలము నిచ్చును. ప్రసవమున తల వెలువడి భుజము చిక్కుకొన్నపుడు ఆ జడ సాగును, ఒక్కొకచో తెగును. పై మొదళ్లు చెడినచో చేయి లోపలికి దిరిగి వ్రేలాడును. దీనిని 1874లో ఎర్బ్ అను జర్మను వైద్యుడు వివరించెను. క్రింది మొదళ్లు చెడినచో పిడికిలి పట్టు తప్పును; ఆ ప్రక్క కనురెప్పయు వ్రాలవచ్చును. దీనిని 1885లో వివరించినది పారిసున వైద్యవిద్య నభ్యసించుచుండిన క్లుంప్కే యను స్త్రీ యగుట మనకు సంతోషము.

ఇది తల్లి దోషము కాదు. పెక్కుమంది బిడ్డలకు కొన్ని నెలలలో బలము తిరిగి వచ్చును. అయినను మొదటి వారముననే వైద్యునికి జూపి, ఎముక విరిగెనేమో తెలిసికొనవలయును. చేయి పట్టి లేవనెత్తరాదు. నూనె రాచి లాగరాదు. చొక్కా తొడుగునపుడు ఆ చేతికే ముందు తొడిగి, విప్పునపుడు కడపట విప్పవలయును. వైద్యుడు చెప్పిన దినమునుండి, కీళ్లు బిగియకుండ మెల్లగా నాడింపవలయును.

మూడు నెలలు నిండినను మోచేయి మడువకున్నచో నరముల శస్త్రవైద్యునికడ కేగవలయును. కాలినుండి సన్నని నరమును దీసి చెడినచోట నతుకు విధానము నేడు కలదు. కాలము మించినకొలది కండలు క్షీణించి, చికిత్సకు ఫలము తగ్గును. తాయెత్తు గట్టినను గట్టుడు. నెలలు మాత్రము లెక్కింపుడు.