తప్పు నాయన చేతులది కాదు, చక్రాలది!

ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో ఎదురుగా సిమెంటు లారీ కనిపించిందంటే చాలు, మా నాయన స్టీరింగ్‌ని రెండు చేతులా బిగించి పట్టుకునేవాడు. లారీ దాటగానే ఆ విసురుగాలికి కారు ఒక జానెడు ఎడమకు జరిగేది. ఆయన కుడికి తిప్పితే కాస్త ఎక్కువే తిరిగేది. మళ్లీ ఎడమకి. వెనక సీట్లో అమ్మ కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకునేది.

ఆ కారు ప్రీమియర్ పద్మిని. మా ఇంట్లో మాత్రం అందరికీ 'ఫియట్'. పోయిన సంక్రాంతికి నేను బెంగళూరు నుంచి ఇంటికొచ్చినప్పుడు నాయన మెల్లగా అన్నాడు: "నా చేతుల్లో పట్టు తగ్గిందిరా. ఎవరికన్నా ఇచ్చేద్దాంలే."

ముప్పై ఏళ్లు ఆ కారు నడిపిన మనిషి. కారు పోతుందన్నదానికంటే, తన మీద తనకు నమ్మకం పోయిందన్నదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

కంప్యూటర్ ఓకే అంది, కారు అనలేదు

నేను బీటెక్ మెకానికల్ చదివి కోడ్ రాసుకుంటున్నవాణ్ని. సస్పెన్షన్ పాఠాలు పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చా. అందుకే అందరూ చేసే పనే చేశా. కారుని ఒక అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్లా. స్క్రీన్ మీద అంకెలన్నీ పచ్చగా వచ్చాయి. డబ్బులిచ్చి బయటికొచ్చాం. మొదటి లారీకే కారు మళ్లీ ఊగింది.

నాయన ఏమీ అనలేదు. నా వైపు ఒకసారి చూశాడంతే. 'చెప్పాను కదా, నా చేతులే' అన్నట్టు.

అసలు సంగతి పట్టుకున్నది మా ఊళ్లో పాత లారీలు రిపేరు చేసే మెకానిక్ భాయ్. ముందు చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, చక్రం పైనా కిందా చేతులు వేసి ఊపాడు. టక్ టక్‌మని చప్పుడు. నన్ను బ్రేక్ తొక్కమన్నాడు. తొక్కినా చప్పుడు పోలేదు. బ్రేక్ తొక్కితే ఆ ఊగడం ఆగిందంటే వీల్ బేరింగ్ లూజు. ఆగలేదంటే కింగ్‌పిన్ అరిగినట్టు.

"పిన్ను ఇట్లా ఆడతాంటే టో కట్టి ఏం లాభం తమ్ముడూ?" అన్నాడు.

ఫియట్ కథ ఇదీ

ఫియట్ 1100 డిలైట్‌ని 1964 నుంచి మన దేశంలో తయారుచేసింది బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్. 1972లో అది ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974లో పద్మిని అయింది. ఇంజిన్ 1089 సీసీ. ముంబయిలో పద్మిని టాక్సీల శకం 2023 అక్టోబరులో ముగిసింది.

ఈ కారు ముందు చక్రాలు వేటికవి విడిగా కదులుతాయి. ఒక్కో చక్రాన్ని రెండు విష్‌బోన్‌లు, ఒక కాయిల్ స్ప్రింగు మోస్తాయి. చక్రం తిరిగేది కింగ్‌పిన్ మీద. ఇప్పటి కార్లలో ఆ పని బాల్ జాయింట్లు చేస్తాయి. కింగ్‌పిన్‌కి తరచూ గ్రీజు కొట్టాలి. గ్రీజు ఎండితే దుమ్ము చేరి అరగదీస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీల ఊళ్లో దుమ్ముకి కొదవేముంది?

షాపులో అంకెలు పచ్చగా రావడానికి కారణం కూడా ఇదే. కారు ఆగి ఉన్నప్పుడు టో సరిగ్గానే ఉంది. కదిలాక రోడ్డు రాపిడి చక్రాల్ని వెనక్కి నెడుతుంది. లూజు ఎంతుందో అంతా విచ్చుకుని, రెండు చక్రాలూ చెరో దిక్కు చూస్తాయి. ఇక కారు తిన్నగా ఎట్లా పోతుంది?

మూడే మూడు కోణాలు

టో: పై నుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికి చూస్తున్నాయా, బయటికా అన్నది. వెనక చక్రాలతో నడిచే పాత కార్లకు సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి ఉంచుతారు. చక్రం అర డిగ్రీ తప్పుగా ఉంటే కిలోమీటరుకి దాదాపు 9 మీటర్లు టైరుని పక్కకు ఈడ్చినట్టే. లెక్క నేనే వేసుకున్నా.

క్యాంబర్: ఎదురుగా నిలబడి చూస్తే చక్రం ఎంత వాలి ఉందన్నది. ఎక్కువైతే టైరు ఒక అంచునే అరుగుతుంది.

క్యాస్టర్: సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది కదా, అదే. హ్యాండిల్ వదిలేసినా సైకిల్ తిన్నగా పోవడంలో ఆ వాలుకూ భాగముంది. రెండు పక్కలా క్యాస్టర్ సమానంగా లేకపోతే, తక్కువున్న వైపుకి కారు లాగుతుంది.

నాపరాయే మా మెషీన్

కింగ్‌పిన్ సెట్టు బెంగళూరు జేసీ రోడ్డులో దొరికింది. భాయ్ కొత్త బుష్‌లు దించి, రీమర్‌తో సైజు చేసి, పిన్నులు బిగించాడు. లూజు పోయింది. ఇక కొలతలు.

మా ఊరికి నాపరాయి కొత్తా? పాలిష్ చేసిన బండలు రెండు తీసుకుని, మధ్యలో గ్రీజు పూసి, ముందు చక్రాల కింద పెట్టాం. అట్లా అయితే చక్రం బరువు మీదున్నా సులువుగా తిరుగుతుంది. కారు సమంగా ఉండాలి కాబట్టి వెనక చక్రాల కిందా అంతే మందం బండలు. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాం. టైర్లలో గాలి ముందే సరిచూసుకున్నాం.

రిమ్ముకి తిన్నని చెక్క ఆనించి, దాని మీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్‌తో క్యాంబర్ చూశా. చక్రాన్ని 20 డిగ్రీలు అటు, 20 డిగ్రీలు ఇటు తిప్పి రెండుసార్లూ క్యాంబర్ కొలిచి, ఆ తేడాని ఒకటిన్నరతో గుణిస్తే దాదాపుగా క్యాస్టర్ వస్తుంది. ఎడమ పక్క ఒక డిగ్రీ తక్కువ! అసలే మన రోడ్లు నీళ్లు జారడానికి ఎడమకు వాలి ఉంటాయి. ఇన్నాళ్లూ నాయన ఆ రెండింటితోనూ కుస్తీ పట్టాడన్నమాట.

విష్‌బోన్ బిగించే చోట ఉండే పలచటి రేకులు, అంటే షిమ్‌లు, భాయ్ అటూ ఇటూ మార్చి రెండు పక్కలా సమం చేశాడు. టో ఆఖరున. ఎందుకంటే మిగతావి మారిస్తే టో కూడా మారిపోతుంది. బండలు తీసేసి కారుని కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించాక, రెండు టైర్ల మీదా వెనకవైపు, యాక్సిల్ ఎత్తులో సుద్దతో గుర్తు పెట్టి దూరం కొలిచాం. ఆ గుర్తులే ముందుకు వచ్చేదాకా కారుని తోసి మళ్లీ కొలిచాం. ముందు కొలత రెండు మిల్లీమీటర్లు తక్కువ వచ్చేదాకా టై రాడ్లని రెండు పక్కలా సమానంగా తిప్పి, లాక్ నట్లు బిగించాం.

మీ ఇంట్లో పాత బండి ఉంటే ఈ వరుస గుర్తుంచుకోండి: ముందు గాలి, తర్వాత లూజు, ఆ తర్వాత క్యాస్టర్, క్యాంబర్, చివర్లో టో. అంకెలు మాత్రం మీ బండి మాన్యువల్‌లో ఉన్నవే. స్టీరింగ్ పని కాబట్టి బిగింపులన్నీ తెలిసిన మెకానిక్ చూడాల్సిందే.

సాయంత్రం తాళాలు నాయనకిచ్చా. "నువ్వే నడుపు" అన్నాడు. నేను పక్క సీట్లో కూర్చున్నా. ఇక తప్పక స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ప్రొద్దుటూరు రోడ్డెక్కాం. మొదటి లారీ వచ్చింది. నాయన చేతులు బిగుసుకున్నాయి. లారీ పోయింది. కారు తన దారిన తాను పోయింది. నాలుగో లారీకి ఆయన కుడి మోచెయ్యి కిటికీ మీదికి చేరింది.

వెనక్కి తిరిగి చూస్తే అమ్మ నిద్రపోతోంది.

కారు అమ్మే మాట మళ్లీ రాలేదు. మొన్న ఫోన్ చేసి నాయన అడిగిందల్లా ఒకటే: "గ్రీజు గన్ను యాడ పెట్టినావురా?"