నిలువ నీడ లేనివారు

రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట హైదరాబాదులోగాని, విజయవాడలోగాని, విశాఖపట్టణములోగాని రైలుస్టేషనునుండి నడచి వచ్చువారికి ఒక దృశ్యము కనబడును. మూసిన దుకాణముల అరుగులమీద, వంతెనల క్రింద, ఆసుపత్రి గోడల వెంబడి మనుష్యులు వరుసగా పడుకొని యుందురు. మనలో కొందరు “పాపము” అనియు, కొందరు “సోమరులు” అనియు అనుకొని సాగిపోవుదురు. ఈ రెండు మాటలును వారిని ఎరుగక పలికినవే. వారెవరో, అచ్చట ఏల పడుకొనిరో తెలిసినగాని మనము చేయు సాయము సాయము కాజాలదు.

జనాభా లెక్కలలో ఇల్లులేని వారిని లెక్కించుటకై ప్రత్యేకముగా ఒక రాత్రిని నిర్ణయింతురు. 2011 ఫిబ్రవరి 28వ తేది రాత్రి దేశమంతట జరిగిన ఆ గణనలో సుమారు 17 లక్షల 70 వేలమంది ఇట్టివారని తేలినది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములోనే వారు సుమారు 1 లక్ష 45 వేలమంది. 2001 నాటి లెక్కతో పోల్చిచూచినచో దేశమున మొత్తము సంఖ్య కొంత తగ్గినది. కాని పట్టణములలో మాత్రము 7 లక్షల 78 వేలనుండి 9 లక్షల 38 వేలకు పెరిగినది. ఒక్క రాత్రి తీసిన లెక్కకు అందనివారు ఇంకను ఎందరో యుందురు.

పట్టణములలో ఏల పెరిగిరి? పని అచ్చట నున్నది, ఇల్లు అచ్చట లేదు. పల్లెనుండి వచ్చిన కూలివాడు తెల్లవారుసరికి అడ్డామీద నిలువనిదే ఆనాటికి పని దొరకదు. ఊరి చివర గది తీసికొన్నచో అద్దెయు, బస్సు ఛార్జియు కలిసి కూలిలో పెద్ద భాగమును మ్రింగివేయును. ఇంటికి పంపుటకు మిగులునది స్వల్పము. కనుక అతడు గదిని వదలుకొని పనిని నిలుపుకొనును. బొంబాయి కాలిబాటలపై నివసించువారి వ్యాజ్యెములో 1985లో సుప్రీంకోర్టు, జీవనోపాధి హక్కు జీవించు హక్కులో భాగమే యని చెప్పుటకు మూలము ఈ సత్యమే.

కూలివారితోపాటు మరికొందరు కలరు: పెద్దాసుపత్రికి రోగిని తెచ్చి వెలుపల కాచుకొని యున్న బంధువులు, బిడ్డలు ఆదరింపని వృద్ధులు, ఇంట హింసకు తాళలేక బయటపడిన స్త్రీలు, మతి చలించి ఊరు పేరు మరచినవారు. ఇందరిని “బిచ్చగాండ్రు” అను ఒక్కమాటలో చేర్చుట న్యాయము కాదు.

ఇల్లు పోయినప్పుడు కప్పు ఒక్కటియే పోదు. చిరునామా కూడ పోవును. రేషను కార్డుకు, బ్యాంకు ఖాతాకు, పింఛనుకు అన్నిటికిని చిరునామా అడుగుదురు. అది లేనివాడు ప్రభుత్వము కంటికి కనబడడు. అయినను దారి లేకపోలేదు. ఓటరుగా నమోదగుటకు అతడు తాను పడుకొను చోటునే చూపవచ్చును. ఎన్నికల సిబ్బంది ఒకటికంటె ఎక్కువ రాత్రులు పోయి అతడచ్చట నిద్రించుచుండుట చూచినచో చాలును, నివాసమునకు వేరే పత్రము అక్కరలేదు. ఈ సంగతి అతనికి చెప్పువారే కరవు. దరఖాస్తు నింపిపెట్టుటకు చదువుకొన్నవానికి పట్టునది అరగంట.

2010లో ఢిల్లీ చలికి తాళలేక మరణములు సంభవింపగా, పెద్ద నగరములలో ప్రతి లక్ష జనాభాకు ఒక వసతిగృహ ముండవలెనని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. మన నగరములలోను పురపాలకసంస్థలు కొన్నిటిని నడుపుచున్నవి. వాటి జాడ తెలియనివారు కొందరు; పనిచోటికి దూరమై, కుటుంబము కలిసి యుండు వీలులేక పోనివారు కొందరు. మీ పేటకు దగ్గరనున్న వసతిగృహ మేది, అందు స్త్రీలకు చోటు కలదా అని ముందే కనుగొని యుంచుకొనుడు. అవసరమున్నవానికి ఆ ఒక్క వివరము రూపాయకంటె విలువైనది.

ఇచ్చుటకు ముందు అడుగవలెను. దుప్పటి ఇచ్చినచో దానిని పగలు దాచుకొను చోటెక్కడ? వానకాలమున దుప్పటికంటె టార్పాలిను ముక్క మేలు. దుకాణదారు తన కొట్టులో ఒక మూల వాని మూట నుంచుకొననిచ్చుట, త్రాగునీరు పెట్టుట, సెల్‌ఫోనుకు ఛార్జి పెట్టుకొననిచ్చుట ఖర్చులేని ఉపకారములు. నిద్రించువానిని లేపి దానము చేయుట, ఇచ్చుచు ఫోటో తీయుట మాత్రము వలదు.

ఆపద కనబడినప్పుడు ఆలస్యము చేయరాదు. రోగికి 108, బాలబాలికలకు 1098, దిక్కులేని వృద్ధులకు 14567 అను సంఖ్యలకు ఫోను చేయవచ్చును. మతి చలించి తన్ను తాను చూచుకొనలేక తిరుగువారిని పోలీసులు తమ రక్షణలోనికి తీసికొని, 24 గంటలలోగా ప్రభుత్వాసుపత్రికి చేర్పవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము విధించుచున్నది. అట్టివారిని లాకప్పులో నుంచరాదు. ఇది తెలిసి అడుగు పౌరుడు ఒక్కడున్నను ఒక ప్రాణము నిలుచును.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. చాలమంది వీధిని చేరుటకు ముందు ఎక్కడనో ఒక తలుపు మూసికొనిపోయి యుండును. ఒక నెల అద్దె ఆలస్యమైనదని సామాను బయట పెట్టింపని ఇంటి యజమాని, జబ్బుపడిన పనిమనిషికి చోటు తప్పింపని గృహిణి, ముసలితండ్రిని వంతులవారీగా తరుమని కొడుకు — వీరు ఏ సంఘమునందును సభ్యులు కాకపోయినను, ఒకరిని వీధిపాలు కాకుండ కాపాడిన వారగుదురు. నేటి రాత్రి ఇంటికి పోవునప్పుడు ఆ అరుగువైపు ఒక్కసారి చూడుడు. మేలుకొనియున్నవా రెవరైన కనబడినచో, ముందుగా పేరడుగుడు. తక్కిన సాయమంతయు అచ్చటనుండి ప్రారంభమగును.