ఫ్లాష్ లేకుండా దలాలో ఒక రాత్రి

జాజ్ కచేరీల ఫొటోల గురించి మాట వస్తే చాలామందికి న్యూయార్క్ గుర్తొస్తుంది. నాకు మాత్రం దలా గుర్తొస్తుంది. యాంగోన్‌లో (మన పెద్దలు రంగూన్ అనేవారు) పన్సొడాన్ రేవులో పడవ ఎక్కితే పది నిమిషాల్లో వచ్చే అవతలి ఒడ్డే దలా. మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన కూలీల వల్లే బర్మాలో తెలుగువాళ్ళకి కోరంగీలు అన్న పేరు పడింది.

2018 డిసెంబరులో అక్కడి తెలుగు పెద్దాయన ఒకరు నన్ను ప్వెకి తీసుకెళ్ళారు. ప్వె అంటే మన జాతర నాటకం లాంటిది, తెల్లవార్లూ సాగుతుంది. దానికి వాద్యబృందం సైన్ వైన్. బంగారు పూత పూసిన చెక్క వలయం మధ్యలో ప్రధాన వాద్యగాడు కూర్చుంటాడు. చుట్టూ 21 డప్పులు. వాటికి అన్నం, బూడిద కలిపిన ముద్ద అద్ది శ్రుతి చేస్తారు. మన మృదంగానికి రవ్వ ముద్ద పెట్టినట్టే అన్నమాట. ఆయన అప్పటికప్పుడు కల్పించి వాయిస్తుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. జాజ్‌తో పోలిక ఇక్కడే ఉంది.

నేను చేసిన మొదటి పని ఫ్లాష్ కొట్టడం. వాద్యగాడు కళ్ళు మూసుకున్నాడు, చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "బాబూ, ఆ మెరుపు ఆపెయ్యి. ఆయన తాళంలో ఉన్నాడు," అన్నారు పెద్దాయన. సిగ్గేసింది. నిజానికి జాజ్ ఫొటోలకి పేరుపడ్డ విలియం గాట్లీబ్ 1938-48 మధ్య ఫ్లాష్ బల్బులే వాడాడు. కానీ బల్బుల ఖర్చు తనదే కనక రాత్రికి కొన్ని ఫొటోలే తీసేవాడు. నాకు మెమరీ కార్డు ఉంది కదా అని అదుపు లేకుండా పోయింది.

ఫ్లాష్ తీసేస్తే ఏం చెయ్యాలి? మొదటిది, లెన్సు. కిట్ లెన్సు ఎఫ్/3.5 బదులు ఎఫ్/1.8 లెన్సు పెడితే దాదాపు 4 రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. ఐఎస్ఓ 3200 పెట్టి, రంగులు తర్వాత సరిదిద్దుకోడానికి రా ఫైలుగా తీశాను.

రెండోది, షట్టర్. 1/500 పెడితే కొన్ని ఫొటోల్లో అడ్డంగా నల్లటి చారలు పడ్డాయి. కారణం ఇది: అక్కడి కరెంటు కూడా మన లాగే 50 హెర్ట్జ్. చవక దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. మన కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. 1/100 పెడితే ఒక మినుకు మొత్తం లోపలికి వస్తుంది కనక చారలు పోతాయి.

మరి 1/100కి వేళ్ళు చెదరవా? చెదురుతాయి. అయితే పైకి విసిరిన బంతి దిగబోయే ముందు ఒక క్షణం ఆగినట్టే, డప్పు మీదికి దిగబోయే చెయ్యి కూడా పైన ఒక క్షణం ఆగుతుంది. ఆ క్షణాన్ని కళ్ళతో పట్టుకోలేం, చెవులతో పట్టుకోవాలి. సైన్ వైన్‌లో సీ అనే చిన్న తాళాలు, వా అనే వెదురు చిడత లెక్క వేస్తాయి. అరగంట కెమెరా దించి ఆ లెక్క విన్నాను. ఆ తర్వాత తీసిన వాటిలో ఆరు నిలిచాయి.

తెల్లారాక ఆ వాద్యగాడు కెమెరా తెర మీద వాటిని చూసి నవ్వాడు. ఫోన్లోకి వద్దు, గోడకి పెట్టుకునేలా కాగితం మీద ఇమ్మన్నాడు. వచ్చే ఏడాది తెస్తానన్నాను. 2019లో కుదరలేదు. 2020లో కోవిడ్. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. నేను మళ్ళీ వెళ్ళలేదు. ఫైళ్ళు రెండు హార్డ్ డిస్కుల్లో భద్రంగానే ఉన్నాయి, ఆయన గోడ మీద మాత్రం లేవు.

అందుకే నా సలహా ఒక్కటే. కచేరీ ఫొటోలు తీస్తే, ఊరు దాటకముందే దగ్గర్లోని స్టూడియోలో ఒక కాపీ వేయించి వాయించినవాళ్ళ చేతిలో పెట్టండి. బ్యాకప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.