సారాకుండ నుంచి పిండివంటలోకి

చైత్రమాసపు వేకువ. బస్తర్ అడవులలో ఇంకా పూర్తిగా వెలుగు రాదు. ఆకులు రాల్చుకొని నిలిచిన ఇప్పచెట్ల కిందికి స్త్రీలు, పిల్లలు బుట్టలతో చేరుకుంటారు. రాత్రి నుంచి ఒక్కొక్కటిగా రాలిన పూలు నేలంతా పరచుకొని ఉంటాయి. పాలమీగడ రంగు, ద్రాక్షపండంత పరిమాణం, కండగల రేకులు, మత్తెక్కించే తీయని వాసన. ఎండ ముదిరేలోగా వాటిని ఏరాలి. ఆ రోజే ఎండబెట్టాలి. ఆలస్యమైతే పువ్వు పులుస్తుంది.

ఈ పువ్వు పేరు వినగానే పట్టణవాసికి స్ఫురించేది సారా. ఆ తలంపులో అసత్యం లేదు. పుట్టుక, పెండ్లి, చావు, దేవతారాధన - వీటిలో ఏ సందర్భానికైనా బస్తర్ ఆదివాసీలు ఇప్పసారాను నివేదిస్తారు. అయితే అది ఈ పువ్వు కథలో సగం మాత్రమే. మిగిలిన సగం వంటింటికి చెందినది. మరుగున పడిన ఆ సగమే ఇప్పుడు మళ్లీ వెలుగులోకి వస్తున్నది.

బస్తర్ తెలుగువారికి పరాయి సీమ కాదు. ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని స్థానిక సంప్రదాయం చెబుతున్నది. నేటికీ భోపాలపట్నం ప్రాంతంలో తెలుగు మాట వినిపిస్తుంది. గోదావరికి ఇవతల ఇప్ప అన్నా, ఆవల మహువా అన్నా చెట్టు ఒక్కటే.

చక్కెర లేని ఇంటి తీపి

ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. బెల్లం కొనలేని అటవీ గ్రామాలకు ప్రకృతి ఇచ్చిన తీపి ఇది. పూలను దోరగా వేయించి, నువ్వులతో కలిపి రోట్లో దంచి ఉండలు కడతారు. నీటిలో ఉడికించి జావ కాస్తారు. గింజలు నిండుకున్న కరువు రోజులలో అదే అన్నం. పూలకాలం ముగిశాక వచ్చే కాయల గింజల నుంచి నూనె తీస్తారు. అందుకే అడవిలో ఏ చెట్టు ఏ కుటుంబానిదో ఊరందరికీ తెలుసు.

ఇటువంటి తెలివి ఒక్క బస్తర్‌కే పరిమితం కాదు. ఐరోపా నడిబొడ్డున ఉన్న చెక్ దేశపు పల్లెలలో బాగా పండిన ప్లమ్ పండ్లను పెద్ద పాత్రలో వేసి, చక్కెర కలపకుండానే గంటల తరబడి కలియబెడుతూ, నల్లని ముద్దగా మారే వరకు ఉడికిస్తారు. దానిని 'పోవిద్లా' అంటారు. ఆ ముద్దను చదరపు పిండిముక్కల నడుమ ఉంచి, నాలుగు కొసలూ మధ్యకు మడిచి కాలుస్తారు. ఆ వంటకం పేరు 'షాతెచ్కి', అనగా చిన్న రుమాళ్లు. చేతిరుమాలులో తినుబండారం మూటగట్టినట్లుండే ఆకారమే ఆ పేరుకు మూలం. పండులోని తీపినే చిక్కబరచి దాచుకున్న చెక్ రైతుకూ, పూలలోని తీపిని ఎండబెట్టి దాచుకున్న బస్తర్ తల్లికీ అవసరం ఒక్కటే.

చట్టం చూసిన చూపు

ఒకటి మాత్రం వేరు. ప్లమ్ పండు నుంచీ మద్యం తీస్తారు. కాని ఆ కారణంగా దానిని ఎవరూ సారాపండు అనలేదు. ఇప్పపువ్వుకు ఆ అదృష్టం పట్టలేదు. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపూల సేకరణ, నిల్వలపై ఆంక్షలు విధిస్తూ ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. పేదవాని తిండి ఆ చట్టం కంటికి సారాకు ముడిసరుకుగానే కనిపించింది. 1910లో బస్తర్‌ను కుదిపివేసిన భూమ్‌కాల్ తిరుగుబాటు కారణాలలో అటవీ ఆంక్షలు, వెట్టిచాకిరితో పాటు ఇంటి సారాపై నిర్బంధాలను కూడా పేర్కొంటారు.

ఆ ముద్ర ఫలితం ఏరేవారి మీదనే పడింది. సారాబట్టీకి పోయే పువ్వు శుభ్రతను ఎవరూ అడగరు. మట్టి అంటినా, ఇసుక కలిసినా కొనేవాడు కొంటాడు. ధర మాత్రం అంతంతే. పూలు స్పష్టంగా కనిపించాలని చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు కూడా ఉన్నది. ఆ నిప్పు ఒక్కొక్కసారి అడవికే పాకుతుంది.

దీనికి విరుగుడు చాలా సులభమైనది: చెట్టు కింద వల కట్టడం. పువ్వు నేలను తాకదు, నిప్పుతో పని ఉండదు. ఆ పువ్వును శుభ్రమైన చోట ఎండబెడితే అది ఆహారపు సరుకవుతుంది. 2018 ఏప్రిల్ 14న వన్‌ధన్ పథకం బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్‌లోనే ఆరంభమైంది. అటవీ ఉత్పత్తులను సేకరించేవారే బృందాలుగా ఏర్పడి, వాటిని శుద్ధిచేసి అమ్ముకోవాలన్నది దాని ఉద్దేశం. 2021లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా అడవుల ఎండు ఇప్పపూలు ఫ్రాన్సుకు ఓడలో వెళ్లాయి. తెలంగాణలోని ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపూల లడ్డూలు తయారు చేస్తున్నారు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా రాజాఖోహ్ గ్రామంలో మహిళలు కాల్చే ఇప్పపూల బిస్కెట్లను 2025 మార్చిలో ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగంలో ప్రస్తావించారు.

ఇంట్లో ఇప్ప రుమాళ్లు

బిస్కెట్ కాల్చగలిగిన చేతికి చెక్ రుమాలు మడవడం కష్టం కాదు. 200 గ్రాముల ఎండు ఇప్పపూలు తీసుకొని, లోపలి కేసరాలను దులిపి, నాలుగైదు నీళ్లలో కడగాలి. పుల్లని వాసన వచ్చే పూలు పనికిరావు. గోరువెచ్చని నీటిలో మూడు గంటలు నానబెట్టి, మెత్తగా ఉడికించి, మెదపాలి. సన్నని సెగమీద కలియబెడుతూ, గరిటెతో గీత గీస్తే మూసుకోనంత చిక్కదనం వచ్చే వరకు ఉంచాలి. చక్కెర అక్కరలేదు. చివర ఒక నిమ్మకాయ రసం పిండితే పువ్వు ఘాటు తగ్గుతుంది. ముద్ద పలుచగా ఉంటే కాలేటప్పుడు పొంగి కారిపోతుంది. ఇక్కడ తొందర పనికిరాదు.

మైదా, వెన్న, నీరు బాగా పిండిన పాలవిరుగు - మూడూ సమానమైన తూకంలో, చిటికెడు ఉప్పుతో కలిపి ముద్దచేసి, ఒక గంట చల్లని చోట ఉంచాలి. ఆపై చపాతీకన్న కాస్త మందంగా వత్తి, అరచేతి వెడల్పు చదరాలుగా కోయాలి. చల్లారిన ఇప్పముద్దను చెంచాడు చొప్పున మధ్యలో పెట్టి, కొసలను మడిచి గట్టిగా అదమాలి. 180 డిగ్రీల వేడిలో సుమారు 20 నిమిషాలలో బంగారు రంగు వస్తుంది. ఓవెన్ లేనివారు మందపాటి గిన్నెలో ఇసుక పరచి, బాగా వేడెక్కిన తరువాత లోపల పళ్లెం నిలిపి, మూతపెట్టి కాల్చుకోవచ్చు. కాస్త ఎక్కువ సమయం పడుతుంది.

కాలుతున్నప్పుడు ఇల్లంతా ఎండుద్రాక్షనూ బెల్లపు పాకాన్నీ తలపించే సువాసన నిండుతుంది. తినేవారు ఇది ఏ పండు అని అడుగుతారు. పండు కాదు, పువ్వు అని చెప్పవలసి ఉంటుంది. ఏ అడవిదో, తెల్లవారకముందే దానిని ఎవరు ఏరారో కూడా చెప్పవచ్చు. శుభ్రమైన పువ్వును అడిగి కొనే ఇల్లు ఒక్కటి పెరిగినా, ఆ చెట్టు కింద నిప్పుకు బదులు వల పరచడానికి ఒక కారణం పెరుగుతుంది.